మ్యూస్‌స్కోర్‌లో రాసిన బీటుని ఎలక్ట్రానిక్ కిట్ మీద ప్రాక్టీస్ చేయడం ఎలా? నెల్లూరు, ఒంగోలు డ్రమ్మర్లు సాయం చేయండి

ఒంగోలు_కిక్

అన్నలకూ అక్కలకూ నమస్తే. ఉండేది ఒంగోలు లాయర్‌పేటలో. ఆదివారాలు చర్చిలో అకౌస్టిక్ కిట్ వాయిస్తాను. ఇల్లు అపార్ట్‌మెంట్‌లో కాబట్టి ఇంట్లో మెష్ హెడ్స్ (చప్పుడు తక్కువ వచ్చే వల లాంటి తొడుగులు) ఉన్న ఎలక్ట్రానిక్ కిట్టే దిక్కు. దాన్ని యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపాను. నోటేషన్ రాయడానికి మ్యూస్‌స్కోర్ 4, ప్రాక్టీస్‌కి వేరే సాఫ్ట్‌వేర్. ఆ రెండోది కొట్టిన ప్రతి దెబ్బా ముందు పడిందా, వెనక పడిందా చూపిస్తుంది.

క్రిస్మస్ ప్రోగ్రాంలో ఈసారి ఇంకో తమ్ముడు కూడా డ్రమ్స్ వాయిస్తాడు. పాటల బీట్లు వాడికి కాగితం మీద రాసివ్వాలి. అవే బీట్లు ఎవరింట్లో వాళ్లం ప్రాక్టీస్ చేసుకోవాలి. మూడు చోట్ల ఆగిపోయింది.

ఒకటి, మ్యూస్‌స్కోర్‌లో రాసి మిడి ఫైలుగా (సౌండ్ ఉండదు, ఏ దెబ్బ ఎప్పుడు పడాలో ఉంటుంది) తీసి ప్రాక్టీస్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ బాగానే పడుతున్నాయి. టామ్స్ మాత్రం సరిగ్గా కొట్టినా మిస్ అనే చూపిస్తోంది. రెండు, వాయించింది వాయించినట్టు నోటేషన్ అయిపోవాలని నా ఆశ. రియల్ టైం ఇన్‌పుట్ పెడితే పేజీ నిండా చిన్న చిన్న రెస్టులూ (ఖాళీ గుర్తులు) టైలూ (నోట్లని కలిపే గీతలు) వస్తున్నాయి. చదవడానికి లేదు. మూడు, ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్‌లో సౌండ్ లేటుగా వినిపిస్తోంది.

తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

పెన్నా_రిథమ్

టామ్స్ సంగతి ముందు చెప్తాను తమ్ముడూ, అది తేలిక.

కిట్ నుంచి కంప్యూటర్‌కి మిడిగా వెళ్లేది సౌండ్ కాదు, ఒక నంబరు, ఎంత గట్టిగా కొట్టావో చెప్పే ఇంకో నంబరు. మొదటిది ఏ ప్యాడో చెప్తుంది. రెండోది వెలాసిటీ, 127 దాకా ఉంటుంది. కిక్ 36, స్నేర్ 38, మూసిన హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళం) 42, తెరిచింది 46, మిగతా తాళాల్లో క్రాష్ 49, రైడ్ 51. ఇవి దాదాపు అన్ని చోట్లా ఒకటే, అందుకే నీకు కిక్, స్నేర్ కలిశాయి.

టామ్స్ దగ్గరే తేడా వస్తుంది. జనరల్ మిడి అని అందరూ పాటించే నంబర్ల పట్టిక ఉంది, అందులో టామ్‌లు ఆరు: 50, 48, 47, 45, 43, 41. మ్యూస్‌స్కోర్ ఆ పట్టికనే పాటిస్తుంది. అందులో హై టామ్ అంటే 50. మన కిట్లలో టామ్‌లు మూడే. రోలాండ్ కంపెనీ మాడ్యూల్స్‌లో (ప్యాడ్ల వైర్లన్నీ కలిసే పెట్టె) అవి 48, 45, 43 పంపుతాయి, చాలా ఇతర కిట్లు కూడా అంతే. నువ్వు హై టామ్ అని రాస్తే ఫైల్లో 50 పడుతుంది, నీ మొదటి టామ్ 48 పంపుతుంది. సాఫ్ట్‌వేర్‌కి అవి రెండు వేరే వాయిద్యాలు.

చేయాల్సింది ఒక్కటే. మ్యూస్‌స్కోర్‌లో డ్రమ్‌సెట్ ఎడిట్ చేసే చోటికి వెళ్లి, నువ్వు వాడే మూడు టామ్‌లనీ 48, 45, 43కి కట్టెయ్. గీతల మీద ఏది ఎక్కడ కూర్చోవాలో కూడా అక్కడే మార్చుకోవచ్చు. మాడ్యూల్‌లో నంబర్లు మార్చడం కూడా కుదురుతుంది కానీ నేను వద్దంటాను. రేపు ఇంకో సాఫ్ట్‌వేర్ పెడితే అది మామూలు నంబర్ల కోసం చూస్తుంది.

నీ కిట్ ఏం పంపుతోందో కళ్లతో చూడాలంటే విండోస్‌లో మిడి-ఓఎక్స్ అని ఉచితంగా దొరుకుతుంది. అది తెరిచి ఒక్కో ప్యాడ్ కొట్టి నంబర్లు రాసిపెట్టుకో. హైహ్యాట్‌ని మధ్యలోనూ అంచు మీదా రెండు చోట్లా కొట్టి చూడు. రోలాండ్‌లో అంచుకి 22, 26 అని వేరే నంబర్లు వస్తాయి. హైహ్యాట్ అప్పుడప్పుడూ మిస్ అవుతోందంటే కారణం తరచుగా అదే.

ఇంకో మాట. విండోస్‌లో చాలా డ్రైవర్లు ఒక మిడి పోర్టుని ఒకసారికి ఒక ప్రోగ్రాంకే ఇస్తాయి. మ్యూస్‌స్కోర్ తెరిచి ఉంచి ప్రాక్టీస్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే దానికి కిట్ కనపడకపోవచ్చు. కేబుల్ పోయిందనుకుని కొత్తది కొనొద్దు, ముందు మ్యూస్‌స్కోర్ మూసి చూడు.

కావలి_కీస్

నేను కీబోర్డ్ ప్లేయర్‌ని. మా క్వయర్‌కి డ్రమ్స్‌తో సహా అన్ని పార్టులూ మ్యూస్‌స్కోర్‌లో రాసేది నేనే. రెండో ప్రశ్నకి నేను చెప్తాను.

మ్యూస్‌స్కోర్ ఒక క్వార్టర్ నోటుని 480 భాగాలు చేస్తుంది. టెంపో 100 అనుకో, క్వార్టర్ అంటే 600 మిల్లీసెకన్లు. నువ్వు ఒక దెబ్బ 15 మిల్లీసెకన్లు లేటుగా కొట్టావు. వినేవాళ్లకి తెలియదు, బాగుంది అనుకుంటారు కూడా. లెక్కలో మాత్రం అది 12 భాగాలు పక్కకి పోయింది. ఆ 12 భాగాలు ఎక్కడ పెట్టాలో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. దగ్గర్లో ఉన్న గీతకి నెట్టాలి, లేకపోతే చిన్న రెస్టుతో నింపాలి. పైగా డ్రమ్ దెబ్బకి నిడివి లేదు. తబలా ఎంతసేపు మోగిందని అడిగితే ఏం చెప్తాం? కిట్ పంపే నోటు మిల్లీసెకన్లలో ఆగిపోతుంది. అందుకే పేజీ నిండా నీకు ఆ రెస్టులు.

కాబట్టి రియల్ టైం ఆశ వదిలెయ్ తమ్ముడూ. స్టెప్ టైంలో రాయి. ముందు నిడివి ఎంచుకో, ఎనిమిదో వంతో పదహారో వంతో. తర్వాత ప్యాడ్ కొట్టు, ఆ నోటు పడుతుంది. హైహ్యాట్, స్నేర్ కలిపి కొడితే రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. టైమింగ్‌తో పనిలేదు, తాపీగా ఆలోచించుకుంటూ కొట్టొచ్చు. మౌస్‌తో చుక్కలు పెట్టడం కన్నా చాలా వేగం.

ఒకే గీతల మీద విడిగా నడిచే వరసని వాయిస్ అంటారు. చేతులకి వాయిస్ 1, తోకలు పైకి. కాళ్లకి వాయిస్ 2, తోకలు కిందికి. అన్నీ ఒకే వాయిస్‌లో కుక్కితే వినడానికి తేడా ఉండదు, చదివే పిల్లాడికి మాత్రం కిక్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. నువ్వు రాసేది వేరేవాళ్ల కోసం కదా.

సింగరాయకొండ_స్టిక్స్

ఏమనుకోవద్దు కానీ నాకు ఈ కాగితం గోల అర్థం కాదు. మన జిల్లాల్లో చర్చి డ్రమ్మర్లలో ఎక్కువమంది విని నేర్చుకున్నవాళ్లే. పాట రెండుసార్లు విను, కిట్ మీద కూర్చో, పాడేవాళ్ల మొహం చూస్తూ వాయించు. పాస్టర్ గారు ఇంకో చరణం పాడమంటే కాగితం ఏం చేస్తుంది? ఆ తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పూట వాయిస్తే వాడికి వచ్చేస్తుంది. నెల రోజులు కంప్యూటర్‌తో కుస్తీ ఎందుకు?

మూలపేట_మాస్టారు

నెల్లూరులో పిల్లలకి మృదంగం, డ్రమ్స్ రెండూ చెప్తుంటాను. స్టిక్స్ గారు చెప్పిన దాంట్లో సగం నేను ఒప్పుకుంటాను. చెవి లేకుండా కాగితం పనికిరాదు. మృదంగంలో మేమూ నోటితో చెప్పించాకే చేతికి ఇస్తాం.

కానీ రాయడం వల్ల ఒకటి జరుగుతుంది. వినేటప్పుడు మనకి తెలియకుండా దాటేసే చోట్లు బయటపడతాయి. మా పిల్లల్లో చాలామంది చర్చి పాటల్లో వచ్చే ఆరెనిమిది నడకని మూడు బై నాలుగులాగా వాయిస్తారు. రెండింట్లోనూ ఆరు ఎనిమిదో వంతులే. ఆరెనిమిదిలో తకిట తకిట అని రెండు పెద్ద అడుగులు, మూడు బై నాలుగులో తక తక తక అని మూడు అడుగులు. వాయిస్తుంటే ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది, ఎక్కడో తెలియదు. స్నేర్ నాలుగో ఎనిమిదో వంతు మీద పడాలని తన చేత్తో రాసినప్పుడు పిల్లాడికే తెలుస్తుంది. నేను చెప్పక్కర్లేదు.

ఒంగోలు అబ్బాయికి నా సలహా. వాయించింది రాసిపెట్టమని కంప్యూటర్‌ని అడగొద్దు. విను, నువ్వే రాయి, రాసింది మ్యూస్‌స్కోర్‌లో మోగించి మళ్లీ పాటతో పోల్చి విను. సరిపోయాకే ప్రాక్టీస్ సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వు. బీటు నీకు రావడం ఈ మధ్య పనిలోనే జరుగుతుంది. అది కంప్యూటర్‌కి అప్పగిస్తే అసలు పాఠం పోతుంది.

ఆరెనిమిది రాసేటప్పుడు టెంపో దగ్గర ఒక జాగ్రత్త. మ్యూస్‌స్కోర్‌లో చుక్క ఉన్న క్వార్టర్ 60 అని పెడతావు. మిడి ఫైలు లోపల టెంపో ఎప్పుడూ మామూలు క్వార్టర్ లెక్కలోనే ఉంటుంది, కాబట్టి వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే 90 అని కనిపించవచ్చు. వేగం మారలేదు, కంగారు పడి సరిదిద్దకండి.

ఒంగోలు_కిక్

పెన్నా అన్నా, టామ్స్ పని అయింది! డ్రమ్‌సెట్‌లో మూడూ మార్చాను, ఇప్పుడు పడుతున్నాయి. హైహ్యాట్ అంచు కూడా మీరు చెప్పినట్టే వేరే నంబరు పంపుతోంది, దాన్ని ప్రాక్టీస్ సాఫ్ట్‌వేర్ మ్యాపింగ్‌లో కలిపేశాను.

కావలి అక్కా, స్టెప్ టైంలో రాయడం మొదలుపెట్టాను. మొదటి పాట సగం అయింది. మాస్టారూ, ఆ స్నేర్ నాలుగో దెబ్బ మాట నిజం. తమ్ముడు వాయించేదాంట్లో ఏదో తేడా ఉందని మేమిద్దరం అనుకుంటూనే ఉన్నాం, అదేనని ఇప్పుడు తెలిసింది.

నేను వాడే సాఫ్ట్‌వేర్‌కి ట్రయల్ అయిపోవస్తోంది. తమ్ముడికైతే అసలు లేదు. డబ్బులు పెట్టకుండా మన సొంత మిడి ఫైలు పెట్టుకుని ప్రాక్టీస్ చేయగలిగేది ఏదైనా ఉందా? క్లోన్ హీరో అని ఎవరో అన్నారు.

వేదాయపాళెం_బాస్

బాస్ గిటార్ వాయిస్తాను, రికార్డింగ్ పనులు చేస్తుంటాను.

ముందు ఒక తేడా. మెలోడిక్స్ లాంటి నేర్పే యాప్‌లు ప్రధానంగా వాళ్ల పాఠాలతో నడుస్తాయి. చేతులు కుదురుకోవడానికి బాగుంటాయి, నెమ్మదిగా మొదలుపెట్టి టెంపో పెంచుకుంటూ పోవచ్చు. నీ అవసరం అది కాదు. నీకు నీ పాట కావాలి.

క్లోన్ హీరో ఒక కంప్యూటర్ ఆట. ఉచితం, ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌ని మిడితో తీసుకుంటుంది, సొంత పాటలు పెట్టుకోనిస్తుంది. కాకపోతే మ్యూస్‌స్కోర్ ఇచ్చిన మిడి ఫైలు నేరుగా పడేస్తే పనిచేయదు. అది ఆట కాబట్టి దానికి తన సొంత నంబర్లు ఉన్నాయి. ట్రాక్ పేరు కచ్చితంగా ‘పార్ట్ డ్రమ్స్’ అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉండాలి. ఎక్స్‌పర్ట్ స్థాయికి కిక్ 96, స్నేర్ 97, పసుపు 98, నీలం 99, ఆకుపచ్చ 100. పసుపు అంటే హైహ్యాట్, నీలం రైడ్, ఆకుపచ్చ క్రాష్. టామ్‌లు కూడా ఇవే రంగుల్లో వస్తాయి. టామ్ అని గుర్తు చేయడానికి అదే చోట ఇంకో నోటు పెట్టాలి, పసుపు టామ్‌కి 110, నీలానికి 111, ఆకుపచ్చకి 112. పాట ఫోల్డర్‌లో ఉండే ఐఎన్‌ఐ అనే సెట్టింగ్స్ ఫైల్లో ప్రో డ్రమ్స్ ఆన్ చేయాలి.

నేను చేసే పద్ధతి: మ్యూస్‌స్కోర్ మిడిని రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరుస్తాను. 36లు అన్నీ ఎంచుకుని 96కి జరుపుతాను, 38లు 97కి, 42, 46 రెండూ 98కి. అలా వరసగా. ఒకసారి చేతికి అలవాటైతే పాటకి పది నిమిషాల పని. కాలితో మూసే హైహ్యాట్, అంటే 44, దానికి ఆటలో లేన్ లేదు. తీసేయాలి. కాగితం మీద మాత్రం ఉంచుకో.

ఒక చిక్కు కూడా చెప్తాను. హైహ్యాట్, మొదటి టామ్ రెండూ పసుపే కాబట్టి ఒకే క్షణంలో రెండూ రావాల్సిన చోట ఆటలో చూపించలేవు. అలాంటి ఫిల్స్ ఉంటే ఒకటి వేరే రంగుకి మార్చాలి.

ఇదంతా వద్దనుకుంటే రీపర్ ఒక్కటే చాలు. అరవై రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు, తర్వాత మనలాంటి వాళ్లకి లైసెన్స్ 60 డాలర్లు. ఒక ట్రాక్‌లో మ్యూస్‌స్కోర్ మిడి, కింద ఇంకో ట్రాక్‌లో నువ్వు వాయించింది రికార్డు. రెండూ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి, ఏ దెబ్బ ఎటు జరిగిందో నీకే తెలుస్తుంది. మార్కులు వేయదు. నాకు అదే ఇష్టం.

పెన్నా_రిథమ్

లేటు సంగతి ఎవరూ ఎత్తుకోలేదు, నేను చెప్తాను.

ల్యాప్‌టాప్‌లోంచి వచ్చే డ్రమ్ సౌండ్‌ని హెడ్‌ఫోన్‌లో వింటున్నావు కాబట్టి లేటు. ఆడియో బఫర్ (సౌండ్ బయటికి పంపే ముందు కంప్యూటర్ పోగు చేసుకునే ముక్క) 1024 శాంపిల్స్ ఉండి, రేటు 44,100 అయితే ఆ ఒక్కచోటే 23 మిల్లీసెకన్లు పోతాయి. బఫర్ 128కి తగ్గిస్తే 3 మిల్లీసెకన్ల లోపు, అంటే కిట్‌కి మీటరు దూరంలో నిలబడి విన్నంత. విండోస్‌లో ఆసియో అనే, ఆలస్యం తగ్గించే ఆడియో డ్రైవర్ లేకపోతే అంత తగ్గించడం కష్టం.

అసలు ఇంత తంటా అక్కర్లేదు. హెడ్‌ఫోన్ మాడ్యూల్‌కి పెట్టు. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి మాడ్యూల్ ఆక్స్ ఇన్‌కి (బయటి పాటని లోపలికి తీసుకునే రంధ్రం) ఒక చిన్న స్టీరియో కేబుల్ వెయ్. డ్రమ్ సౌండ్ మాడ్యూల్ నుంచి నేరుగా వస్తుంది, లేటు తెలియదు. పాట, క్లిక్ ల్యాప్‌టాప్ నుంచి వస్తాయి. ప్రాక్టీస్ సాఫ్ట్‌వేర్‌లో డ్రమ్ సౌండ్ ఆపెయ్. తర్వాత దాని క్యాలిబ్రేషన్ ఒకసారి చెయ్. ఎందుకంటే పాట కొంచెం ఆలస్యంగా నీ చెవికి చేరుతుంది, నువ్వు దానికి తగ్గట్టు కొడతావు, సాఫ్ట్‌వేర్‌కి ఆ తేడా చెప్పాలి. ఈ క్యాలిబ్రేషన్ చేయకుండా వాయించి, నేను ఎప్పుడూ లేటే అని బాధపడే పిల్లల్ని చూశాను. వాళ్ల చేతులు బాగానే ఉన్నాయి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ మాత్రం ఈ పనికి వద్దే వద్దు. వాటిలో ఆలస్యం మామూలుగా వంద మిల్లీసెకన్లు దాటుతుంది. టెంపో 100లో పదహారో వంతు నోటే 150 మిల్లీసెకన్లు.

సింగరాయకొండ_స్టిక్స్

సరే, రాయడం వల్ల లాభం ఉందని మాస్టారు చెప్పిన ఆరెనిమిది మాటతో ఒప్పుకుంటున్నా. కానీ ఇంకో భయం ఉంది నాకు. ఈ శాతాలు చూసుకుంటూ పెరిగిన పిల్లలు అన్ని దెబ్బలూ ఒకే బలంతో కొడుతున్నారు. తొంభై ఎనిమిది శాతం వచ్చిందన్నా అని చూపిస్తారు, చర్చిలో కూర్చుంటే స్నేర్ అంతా టపటపా ఒకటే మోత. పాడేవాళ్ల గొంతు వినపడదు. దీనికేం మందు?

మూలపేట_మాస్టారు

ఈ భయం నాకూ ఉంది. ఇది ఈ సాఫ్ట్‌వేర్ల పెద్ద లోటు అనే నా అభిప్రాయం. చాలావాటికి దెబ్బ సమయానికి పడిందా లేదా అన్నదే లెక్క, 20 వెలాసిటీతో కొట్టినా 120తో కొట్టినా అదే మార్కు.

అందుకే నోటేషన్ పక్కన ఉండాలంటాను. మ్యూస్‌స్కోర్‌లో గోస్ట్ నోట్లకి, అంటే వినీ వినపడనట్టు మెల్లగా కొట్టే దెబ్బలకి, బ్రాకెట్లు పెట్టండి, గట్టి దెబ్బలకి యాక్సెంట్ గుర్తు పెట్టండి, పల్లవికీ చరణానికీ బలం తేడా అక్షరాల్లో రాయండి. ప్రాక్టీస్ సాఫ్ట్‌వేర్ ఇవి చూపించకపోవచ్చు. కాబట్టి ప్రింట్ తీసిన కాగితం కిట్ పక్కన స్టాండ్ మీద ఉండాలి, పిల్లాడి చూపు అక్కడికి వెళ్లాలి.

మా దగ్గర వరస ఇలా ఉంటుంది. తెర మీద మార్కులతో కాసేపు, టైమింగ్ కుదిరే వరకే. తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ మూసేసి మ్యూస్‌స్కోర్‌లోనే డ్రమ్స్ ట్రాక్ మ్యూట్ చేసి, మిగతా పార్టులు మోగుతుంటే కాగితం చూసి వాయించడం. అందులో టెంపో తగ్గించుకునే స్లైడర్ ఉంది, కష్టమైన నాలుగు బార్లు లూప్‌లో పెట్టుకోవచ్చు. చివరికి రెండూ మూసేసి అకౌస్టిక్ కిట్ మీద. మెష్ మీద స్టిక్ ఎగిరినట్టు అసలు స్నేర్ మీద ఎగరదు, ఆ తేడా పిల్లాడి మణికట్టుకి తెలియాలి. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల సంగీతం గ్రేడ్ పరీక్షలకి వెళ్లే పిల్లలకి కూడా ఇదే చెప్తాను.

వేదాయపాళెం_బాస్

మాస్టారి మాటకి చిన్న చేర్పు. రీపర్‌లో రికార్డు చేసుకుంటే ప్రతి నోటు వెలాసిటీ కింద కడ్డీల్లా కనిపిస్తుంది. స్టిక్స్ అన్న చెప్పిన పిల్లల చేత ఒకసారి రికార్డు చేయించి ఆ కడ్డీలు చూపించండి. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే వాళ్లకే అర్థమవుతుంది.

టంగుటూరు_పలక

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదువుతున్నాను, ఇక్కడ రాయడం మొదటిసారి. మా ఇంట్లో పలకలు (డప్పులు) వాయిస్తారు. మా మామ దగ్గర ఉన్న దరువులు ఎక్కడా రాసి లేవు, ఆయనతోనే పోతాయేమోనని నా బాధ. నాకు ఎలక్ట్రానిక్ ప్యాడ్ ఉంది, మ్యూస్‌స్కోర్ కొంచెం తెలుసు. పలక దరువులని ఇందులో రాసి, ప్యాడ్ మీద ప్రాక్టీస్ చేయడం కుదురుతుందా? కుడిచేతి సిర్ర దెబ్బ వేరు, ఎడమచేతి సిటికెన పుల్ల దెబ్బ వేరు. డ్రమ్స్ గుర్తులు దీనికి సరిపోవు.

కావలి_కీస్

చాలా మంచి పని తలపెట్టారు, తప్పకుండా కుదురుతుంది. డ్రమ్‌సెట్ ఎడిట్ చేసే చోటే మీ దారి కూడా ఉంది. అక్కడ ప్రతి నంబరుకీ పేరు, గీత మీద స్థానం, నోటు తల ఆకారం, తోక దిశ అన్నీ మనమే ఇచ్చుకోవచ్చు. ఐదు గీతలు కూడా అక్కర్లేదు, ఒక్క గీత పెట్టుకోండి. సిర్ర దెబ్బ గీత పైన, మామూలు తల, తోక పైకి. పుల్ల దెబ్బ గీత కింద, గుణకారం తల, తోక కిందికి. రెండూ వేర్వేరు వాయిస్‌లలో. పేర్లు తెలుగులోనే పెట్టండి.

నంబర్లకి సిర్రకి 38, పుల్లకి 37 వాడితే సరి. 37 అంటే జనరల్ మిడిలో సైడ్ స్టిక్, పొడిగా మోగుతుంది. పలక నాదం రాదు, రెండు చేతుల తేడా మాత్రం చెవికి స్పష్టంగా తెలుస్తుంది. మీ ప్యాడ్‌లో కుడి ఎడమ ప్యాడ్‌లకి అవే నంబర్లు ఇస్తే ప్రాక్టీస్ సాఫ్ట్‌వేర్‌లో కూడా పనిచేస్తుంది.

మూలపేట_మాస్టారు

టంగుటూరు అబ్బాయ్, రాసే ముందు మామ గారి వాయిద్యం ఫోన్‌లో వీడియో తీసిపెట్టు, చేతులు కనపడేటట్టు. పలక నిప్పు సెగకి కాచిన వెంటనే ఒకలా మోగుతుంది, కాసేపటికి ఒకలా. అది ఏ నోటేషన్‌కీ అందదు. దరువు కాగితం మీద, నాదం వీడియోలో, రెండూ పక్కపక్కన దాచు.

దరువు ఏడు మాత్రల నడకలో ఉంటే ఒకటి గుర్తుంచుకో. ఏడెనిమిది అని తాళం గుర్తు పెడితే సరిపోదు. తకిట తక ధిమి అంటే 3, 2, 2. తక ధిమి తకిట అంటే 4, 3. మొదటిది మిశ్రచాపు, రెండోది విలోమచాపు. కంభం ప్రాంతం మూలాలున్న కుటుంబంలో పుట్టిన శ్యామశాస్త్రి గారి కీర్తనల్లో రెండు నడకలూ వినవచ్చు. మ్యూస్‌స్కోర్‌లో తాళం గుర్తు లక్షణాల్లో నోట్లు ఎలా గుంపు కట్టాలో చెప్పొచ్చు, కాగితం మీద సరిగ్గా కనిపిస్తుంది. మిడి ఫైల్లోకి మాత్రం ఏడెనిమిది అన్నంత వరకే వెళ్తుంది, గుంపు వెళ్లదు. ప్రాక్టీస్ సాఫ్ట్‌వేర్ క్లిక్ అన్నీ ఒకేలా కొడుతుంది. అందుకని వేరే వాయిద్యంగా ఒక వుడ్‌బ్లాక్ వరస రాసి, ప్రతి గుంపు మొదట్లో ఒక దెబ్బ పెట్టు. దాన్ని వింటూ వాయించు.

ఒంగోలు_కిక్

మాస్టారూ, ఆ వుడ్‌బ్లాక్ ఉపాయం మా ఆరెనిమిది పాటకి కూడా పెట్టాను. మ్యూస్‌స్కోర్‌లో మెట్రోనోమ్ వినపడుతుంది కానీ ఎంపీ3గా తీస్తే ఆ ఫైల్లో ఉండదు కదా, దానికి కూడా ఇదే పనికొచ్చింది. ముందు ఒక ఖాళీ బారు చేర్చి అందులో స్టిక్ దెబ్బలు రాశాను, తమ్ముడికి ఎక్కడ మొదలో తెలుస్తోంది.

ఆక్స్ కేబుల్ వేశాక లేటు బాధ పోయింది. పల్లవి రెండుసార్లు రావాల్సిన చోట ప్రాక్టీస్ సాఫ్ట్‌వేర్‌లో ఒకసారే వస్తుంటే చూశాను, మిడి ఎక్స్‌పోర్ట్‌లో రిపీట్లు విప్పమనే టిక్ ఉంది. అది పెట్టాక సరిపోయింది. వేరేవాళ్లకి ఉపయోగపడుతుందని చెప్తున్నా.

ఇంకొక్కటి మిగిలింది. ఒక పాత పాటకి ఒరిజినల్ రికార్డింగ్‌తో కలిపి ప్రాక్టీస్ చేయాలి. అది క్లిక్ లేకుండా రికార్డు చేసినట్టుంది. మొదట 92, చివరికి 97 దాకా వెళ్తోంది. మ్యూస్‌స్కోర్ మిడి సగం పాటలోనే విడిపోతోంది.

వేదాయపాళెం_బాస్

పాట మనుషులు కలిసి వాయించింది, అలాగే ఉంటుంది. దాన్ని సాగదీసి సమానం చేయకు, ప్రాణం పోతుంది. మన బార్ల గీతలనే పాటకి తగ్గట్టు జరపాలి.

రీపర్‌లో పాట ఆడియో పెట్టి, నాలుగు బార్లకొకసారి మొదటి కిక్ దగ్గర టెంపో మార్కర్ పెట్టి, గీత ఆ దెబ్బ మీదికి వచ్చేలా జరుపు. ఆడియో మాత్రం దానితో సాగకుండా ఉండేలా ఆ ట్రాక్ టైంబేస్‌ని ‘టైం’లో పెట్టుకో. మిడి ట్రాక్ మాత్రం ‘బీట్స్’లో ఉండాలి, అప్పుడు అది టెంపోని అనుసరిస్తుంది. చివర్లో ఆ టెంపో మ్యాప్‌తో సహా మిడి తీస్తే క్లోన్ హీరోకి కూడా అదే పనికొస్తుంది. గిటార్ ప్రో 8లో కూడా ఆడియో ట్రాక్ పెట్టి నోటేషన్‌తో జత చేసుకునే వీలుంది, కాకపోతే అది డబ్బు పెట్టి కొనాలి. మ్యూస్‌స్కోర్‌లో అయితే టెంపో గుర్తులు బార్ల మీద చేత్తో పెట్టుకుంటూ పోవాలి. ఒక పాటకి పర్లేదు, పది పాటలకి ఓపిక ఉండదు.

సింగరాయకొండ_స్టిక్స్

ఇంతదూరం వచ్చాం కాబట్టి నా ప్రశ్న ఒకటి. మా పాత క్వయర్ మాస్టారు ఫినాలే అనే నోటేషన్ సాఫ్ట్‌వేర్‌లో రాసిన ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. డ్రమ్ పార్టులు కూడా ఉన్నాయట. ఆ సాఫ్ట్‌వేర్ ఆపేశారని విన్నా. ఇప్పుడు వాటినేం చేయాలి? నేనూ చూసి నేర్చుకుందామని.

కావలి_కీస్

అన్నా, ఫినాలేని 2024 ఆగస్టులో ఆపుతున్నామని ప్రకటించారు. మ్యూస్‌స్కోర్ ఆ ఫైళ్లను నేరుగా అన్నిసార్లూ సరిగ్గా చదువుతుందని నమ్ముకోవద్దు. ఫినాలే ఇంకా పనిచేస్తున్న కంప్యూటర్ మీ మాస్టారి దగ్గర ఉంటే, అది పాడయ్యేలోపే ఒక్కో ఫైలూ తెరిచి మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్‌గా (వేరే నోటేషన్ సాఫ్ట్‌వేర్లు కూడా చదవగలిగే ఫైలు రకం) తీయించండి. పీడీఎఫ్ కూడా తీసి పక్కన పెట్టండి. ఎక్స్‌ఎంఎల్‌లో కీబోర్డ్, గాత్రం బాగానే వస్తాయి. డ్రమ్ పార్టులో మాత్రం నోట్లు గీతల మీద సరిగ్గా కనిపించినా నంబర్లు మారిపోయి ఉండొచ్చు, స్నేర్ ఉన్నచోట కౌబెల్ మోగొచ్చు. పీడీఎఫ్ పక్కన పెట్టుకుని పెన్నా అన్న పైన చెప్పిన నంబర్లతో డ్రమ్‌సెట్ సరిచేసుకోండి. ఫైల్ ఇక్కడ పెడితే మొదటి పాట నేను సరిచేసి ఇస్తాను, దాన్ని చూసి మిగతావి మీరు చేసుకోవచ్చు.

సింగరాయకొండ_స్టిక్స్

ఆయన కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతోందట అక్కా. శనివారం వెళ్లి అన్నీ తీయించుకొస్తా. రాగానే మొదటిది పెడతాను.